పాప వంద దాకా చెప్తుంది, ఐదు చెంచాలు తెమ్మంటే మాత్రం గుప్పెడు తెస్తుంది: ఇంట్లో ఏం చేయాలి?

హనుమకొండ నుంచి ఒక తండ్రి అడిగారు. పాపకు నాలుగేళ్ళు నిండాయి, ఎల్‌కేజీ. వన్ నుంచి హండ్రెడ్ దాకా ఆగకుండా చెప్తుంది. ఐదు చెంచాలు పట్టుకురమ్మంటే చేతికి ఎన్ని వస్తే అన్ని తెస్తుంది. బళ్ళో టీచరు "మ్యాథ్స్‌లో వీక్" అన్నారట. అబాకస్‌లో (పూసల చట్రంతో లెక్కలు నేర్పే క్లాసుల్లో) చేర్పించాలా, రోజూ వర్క్‌షీట్లు చేయించాలా అన్నది ప్రశ్న. భార్యాభర్తలిద్దరికీ లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయమేనని, పగలంతా పాపను చూసుకునే నానమ్మకు చదువు రాదని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. పాప వీక్ కాదు. అబాకస్ ఇప్పుడు వద్దు. వర్క్‌షీట్లు బళ్ళో ఇచ్చినవి చాలు, ఇంట్లో కొత్తగా కొనక్కర్లేదు. చేయాల్సింది వేరే ఉంది. ఇంట్లో ఎలాగూ జరిగే పనుల్లో "ఎన్ని" అన్న మాట రోజూ వినిపించాలి. ఎదురుగా ఉన్న వస్తువులను చూపిస్తూ లెక్కపెట్టాలి. పాప తన చేత్తో తీసి ఇచ్చే పనులు చెప్పాలి. దీనికి మీ ఇంట్లో అందరికంటే పనికొచ్చే మనిషి మీ అమ్మగారే. కాకపోతే ఇంటి లెక్కను బడి అంకెతో కలిపే పని ఒకటి మిగులుతుంది, అది మీరిద్దరూ చేయాలి. దాని గురించి కింద చెప్తాను.

నేను వరంగల్ చుట్టుపక్కల మండలాల్లో సర్కారు బళ్ళలో పని చేశాను, ఎక్కువగా ఒకటో తరగతికే చెప్పాను. తర్వాత అంగన్‌వాడీ టీచర్ల శిక్షణల్లో కొంతకాలం ఉన్నాను. మీ పాపలాంటి పిల్లలు ప్రతి ఏడూ కనిపించేవాళ్ళు.

వంద దాకా చెప్పడం వేరు, ఐదు అంటే ఎంతో తెలియడం వేరు. మొదటిది పాట. పిల్లలు పద్యం అప్పజెప్పినట్టే అంకెలూ అప్పజెప్తారు. అది పనికిరాదని కాదు, వరస తప్పకుండా రావడం కూడా అవసరమే. గెల్‌మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే లెక్కపెట్టడంలో ఏమేం ఇమిడి ఉన్నాయో విడదీసి చెప్పారు. అంకెల వరస మారకూడదు. ఒక్కో వస్తువుకు ఒక్క అంకే చెప్పాలి. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెప్తుంది. ఏ వస్తువులనైనా లెక్కపెట్టవచ్చు. ఎటువైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. మనకు ఇదంతా ఒకటే పనిలా కనిపిస్తుంది గానీ, పిల్లలకు ఒక్కోటీ ఒక్కో మెట్టు. మీ పాపకు మొదటిది బాగా వచ్చింది. మూడోది ఇంకా రాలేదు. అందరికీ కష్టమయ్యేది ఆ మూడోదే.

మీరే ఇంట్లో చూసుకోవచ్చు. ఒక పళ్ళెంలో ఇరవై దాకా చింతగింజలు పోయండి. (ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే గింజలు వద్దు, ముక్కులో పెట్టుకుంటారు. సీసా మూతలు తీసుకోండి.) ఒక బొమ్మను ముందు కూర్చోబెట్టి "దీనికి ఆకలైతుందట, ఒక్క గింజ పెట్టు" అనండి. పెడుతుంది. గింజ వెనక్కి తీసుకుని "ఇప్పుడు రెండు పెట్టు" అనండి. పెడుతుంది. "మూడు పెట్టు" అన్నప్పుడు చేతిని చూడండి. మూడు అంటే తెలిసిన పిల్ల చేయి మూడు దగ్గర ఆగుతుంది. తెలియని పిల్ల గుప్పెడు తీసి పెట్టేసి మీ ముఖం చూస్తుంది. తప్పు చేశానన్న ఆలోచన కూడా ఉండదు. ఆ పిల్ల దృష్టిలో మూడు అంటే "రెండు కానిది, బోలెడు".

ఈ పద్ధతి నా సొంతం కాదు. 1990 ప్రాంతంలో కేరెన్ విన్ అనే అమెరికా పరిశోధకురాలు ఇలాగే పిల్లల చేత తీసి ఇప్పించి చూసి, పిల్లలు మెట్టుమెట్టుగా ఎక్కుతారని తేల్చారు. మొదట ఒకటి మాత్రమే తెలుస్తుంది. కొన్ని నెలలకు రెండు, తర్వాత మూడు, కొందరికి నాలుగు. ఆ తర్వాత ఒక్కసారిగా తలుపు తెరుచుకుంటుంది. ఐదైనా ఎనిమిదైనా లెక్కపెట్టి ఇవ్వడం వచ్చేస్తుంది. అమెరికా పిల్లల్లో ఇది సుమారు రెండున్నర నుంచి నాలుగేళ్ళ మధ్య జరుగుతుంది, కొందరికి ఇంకా ఆలస్యమవుతుంది. బొలీవియా అడవుల్లో వ్యవసాయం చేసుకుంటూ బతికే చిమానే అనే జాతి పిల్లల్లోనూ ఇవే మెట్లు, ఇదే వరస కనిపించింది. వయసే బాగా ఆలస్యం. అంటే మెట్లు అందరికీ ఒకటే, ఎంత తొందరగా ఎక్కుతారన్నది చుట్టూ ఏం వినిపిస్తుంది, ఏం కనిపిస్తుంది అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. నాలుగేళ్ళ పిల్లకు మూడు దాకానే తెలిసి ఉంటే దాన్ని బలహీనత అనరు.

కొంతమంది తల్లిదండ్రులు ఇంకో రకంగా మోసపోతారు. ఐదు గింజలు వరసగా పెట్టి "ఎన్నున్నయి?" అంటే పిల్ల లెక్కపెట్టి "ఫైవ్" అంటుంది. వచ్చేసిందనుకుంటారు. వెంటనే "అయితే మొత్తం ఎన్ని?" అని ఇంకోసారి అడిగి చూడండి. చాలామంది పిల్లలు జవాబు చెప్పరు, మళ్ళీ మొదటి నుంచి వన్, టూ అని మొదలుపెడతారు. "ఎన్ని" అంటే లెక్కపెట్టమని అనుకుంటారే గానీ, జవాబు తమ చేతిలోనే ఉందని తెలియదు. అందుకే నేను "ఎన్ని ఉన్నాయి" కంటే "ఇన్ని ఇవ్వు" అని అడగడమే నమ్ముతాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇల్లు నిజంగా తేడా తెస్తుందా?

తెస్తుందనే చెప్పాలి. షికాగో ప్రాంతంలో సూసన్ లెవిన్ బృందం 44 కుటుంబాల ఇళ్ళకు వెళ్ళి, పిల్లలకు 14 నెలల వయసున్నప్పటి నుంచి 30 నెలలు వచ్చేదాకా ఐదు విడతలు, ఒక్కోసారి గంటన్నర చొప్పున రికార్డు చేసింది. ఫలితాలు 2010లో వచ్చాయి. ఆ ఐదు విడతల్లో కలిపి ఒక ఇంట్లో తల్లిదండ్రుల నోట అంకె మాటలు నాలుగే వినిపించాయి. ఇంకో ఇంట్లో 257. అంకెలు ఎక్కువ విన్న పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి "ఐదున్నది ఏదో చూపించు" అంటే సరిగ్గా చూపించగలిగారు. తల్లిదండ్రులు మొత్తంగా ఎంత మాట్లాడతారన్నదాన్ని, వాళ్ళ ఆదాయాన్ని, చదువును లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలబడింది. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. అంకె మాటలన్నీ ఒకటి కావు. కళ్ళెదురుగా వస్తువులు ఉంచి వాటిని లెక్కపెట్టడం, అందులోనూ నాలుగు నుంచి పది దాకా ఉండే గుంపుల గురించి మాట్లాడటం బాగా పని చేసింది. ఉత్తగా అంకెలు వల్లించడానికి అంత బలం లేదు. ఒకటి, రెండు, మూడు మనం ఎలాగూ అంటూనే ఉంటాం, పిల్లలు చూడగానే పట్టేస్తారు. నాలుగు దాటాకే లెక్కపెట్టక తప్పదు.

ఒక జాగ్రత్త మాట కూడా చెప్పాలి. ఇలాంటి పరిశోధనలు ఎక్కువగా సంబంధాన్ని చూపిస్తాయి, కారణాన్ని రుజువు చేయవు. అంకెలంటే ఇష్టపడే పిల్ల తల్లిదండ్రుల చేత ఆ మాటలు ఎక్కువ అనిపించి ఉండవచ్చు కూడా. కాబట్టి రేపటి నుంచి రోజంతా అంకెలు మాట్లాడితే పాప రామానుజం అవుతుందని నేను చెప్పడం లేదు. ఖర్చు లేని పని, నష్టం లేని పని. నా తరగతిలో చూసినదానికి కూడా సరిపోతుంది.

ఒక పాప గుర్తొస్తుంది. ఒకటో తరగతిలో చేరినప్పుడు పలక మీద ఒక్క అంకె రాయడం రాదు. పెన్సిలు పట్టుకోవడమే కొత్త. కానీ గింజలు ఇస్తే ఆరూ ఏడూ తడుముకోకుండా లెక్కపెట్టి ఇచ్చేది. వాళ్ళమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పిల్లకు హుక్కుల డబ్బా ఇచ్చి "ఈ జాకెట్టుకు ఐదు తియ్యి" అనేదట. ఐదు హుక్కులకు ఐదు కాజాలు ఉండాలి, ఒకటి తగ్గినా జాకెట్టు వాపసు వస్తుంది. ఆ పిల్ల ముందు గుడ్డ మీద హుక్కులను కాజాలకు ఎదురెదురుగా పేర్చేది, ఏదైనా ఒంటరిగా మిగిలితే తల్లికి చెప్పేది. పుస్తకాల్లో "ఒకదానికి ఒకటి జతచేయుము" అని ఏనుగులకూ అరటిపళ్ళకూ గీతలు గీయిస్తాం చూడండి, ఆ పాఠం ఆ పిల్లకు బడికి రాకముందే అయిపోయింది. తల్లి పాఠం చెప్పాలనుకోలేదు. ఆమెకు పని తొందరగా కావాలి, అంతే.

అదే ఏడు ప్రైవేటు బళ్ళో నర్సరీ, ఎల్‌కేజీ చదివి, ఫీజు కట్టలేక మా దగ్గర చేరిన పిల్లవాడు ఒకడుండేవాడు. చక్కటి చేతిరాత. వంద దాకా రాస్తాడు. నాలుగు గింజలు ఇవ్వమంటే గుప్పెడు. తెలివి తక్కువై కాదు, ఎవరూ వాడి చేత ఏదీ తీసి ఇప్పించుకోలేదు.

మీ ఇంట్లో ఏం చేయవచ్చో ఇప్పుడు చెప్తాను. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి.

అన్నం వేళ. నాకు అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. రోజూ తప్పకుండా వస్తుంది. "ఎంతమందిమి తింటున్నం? తాత, నానమ్మ, అమ్మ, నువ్వు. నలుగురం. నాలుగు పళ్ళాలు పట్టుకురా బిడ్డా." పాప ఆరు తెచ్చిందనుకోండి. "తప్పు, ఆరు తెచ్చినవ్" అనకండి. పంచమనండి. ఒక్కొక్కరి ముందు ఒకటి పెట్టాక రెండు చేతిలో మిగిలిపోతాయి. "రెండు మిగిలినయి. నాలుగే కావాలె మనకు." అంతే, ఇంకో మాట అక్కర్లేదు. తప్పు ఎక్కడుందో పళ్ళాలే చూపించాయి. రేపు చుట్టాలొచ్చి ఇద్దరు పెరిగితే ఇంకా మంచిది, "నలుగురం ఉంటిమి, ఇద్దరొచ్చిన్రు" అన్నది పిల్లకు తెలిసే మొదటి కూడిక.

మాట చెప్పే తీరు కూడా ముఖ్యం. ముందు మొత్తం చెప్పి, తర్వాత లెక్కపెట్టి, మళ్ళీ మొత్తం చెప్పండి. "ఐదు గుడ్లున్నయి చూడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు గుడ్లు." చివరి అంకెను కాస్త ఒత్తి పలకండి. గుంపు పేరు, లెక్క రెండూ పక్కపక్కన వినిపిస్తే చివరి అంకే మొత్తమని పిల్లలు తొందరగా పట్టుకుంటారు. ఇంకోటి, అడిగేది తక్కువ ఉండాలి, చెప్పేది ఎక్కువ ఉండాలి. చుట్టాలు ఇంటికి రాగానే "ఏదీ అంకుల్‌కు లెక్కపెట్టి చూపించు" అనే అలవాటు మనకు బాగా ఉంది. దయచేసి మానేయండి.

నానమ్మ చేతి పనులు. సర్వపిండి చేసేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోమనండి. పిండిని సర్వలోపల వేళ్ళతో అదిమాక నూనె దిగడానికి గుంటలు పెడతారు కదా, పొయ్యి మీద పెట్టకముందే ఆ పని పాపకు ఇవ్వమనండి. "ఏడు గుంటలు పెట్టు" అంటే, పెట్టిన ప్రతి గుంటా అక్కడే ఉంటుంది, లెక్క మరిచిపోతే మళ్ళీ చూసుకోవచ్చు. గాలిలో లెక్కపెట్టడం కంటే చేతి గుర్తు మిగిలే పని చిన్నపిల్లలకు చాలా తేలిక. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు "ఇది మూడు చుట్లు, ఇది నాలుగు చుట్లు" అన్నా చాలు. బతుకమ్మ పేర్చేటప్పుడు ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు అని మార్చి మార్చి పెట్టడం కూడా లెక్కల పాఠమే. తర్వాత ఏ రంగు వస్తుందో పాపను చెప్పమనండి.

ముగ్గు గురించి విడిగా చెప్పాలి. మా తరగతిలో ముగ్గులేసే ఇళ్ళ పిల్లలు గుర్తుపట్టేసేలా ఉండేవాళ్ళు. సందు చుక్కల ముగ్గులో "ఏడు నుంచి నాలుగు దాకా" అని పెడతారు. నడుమ వరసలో ఏడు చుక్కలు, దానికి పైనా కిందా ఆరు, తర్వాత ఐదు, తర్వాత నాలుగు. ఒక్కో వరసకు ఒకటి తగ్గుతూ పోతుంది. ఏడు కంటే ఆరు ఒకటి తక్కువ అన్న సంగతి అక్కడ వాకిట్లో కంటికి కనిపిస్తుంది. చదువు రాని నానమ్మ రోజూ పొద్దున ఆ పని చేస్తుంటే, మనం దాని పక్కనుంచి నడిచి ట్యూషన్ వెతుక్కుంటూ పోతున్నాం. చుక్కలు నానమ్మ పెడతారు, ఏ వరసలో ఎన్నో పాప చెప్తుంది. ఒక్కోరోజు నానమ్మను కావాలని ఒక చుక్క తక్కువ పెట్టమనండి. తప్పు పట్టుకోవడమంటే పిల్లలకు మహా సంబరం.

గవ్వల ఆట. అష్టాచెమ్మా నాలుగేళ్ళ పిల్లకు ఎక్కువ, దారి చుట్టూ తిరుగుతుంది. దానికంటే ఇది చేయండి. చాక్‌పీసుతో నేల మీద అడ్డంగా వరసగా పది గళ్ళు గీయండి, ఎడమ నుంచి కుడికి 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. రెండు గవ్వలు వేయాలి. ఒకటి వెల్లకిలా పడితే ఒక గడి, రెండూ పడితే రెండు గళ్ళు. రెండూ బోర్లా పడితే మళ్ళీ వేయాలి. జరిపేటప్పుడు ఒక్క నియమం తప్పకుండా పాటించండి. పాప కాయ 5 మీద ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" అని జరపకూడదు. "ఆరు, ఏడు" అని గడిలోని అంకె చదువుతూ జరపాలి. రామానీ, సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో పేదింటి పిల్లలతో సరిగ్గా ఇలాంటి ఆటే ఆడించి 2008లో ఫలితాలు ప్రకటించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. అంత కొద్దిపాటి ఆటకే పిల్లలు ఏ అంకె పెద్దదో, ఏది ఎక్కడుంటుందో మెరుగ్గా చెప్పారు. అదే ఆటను అంకెలు తీసేసి రంగులతో ఆడిన పిల్లల్లో మార్పు లేదు. తర్వాత గుండ్రటి పటం మీద ఆడించి చూస్తే వరస గళ్ళంత ఫలితం రాలేదు. అందుకే నేను పాములు నిచ్చెనలు కూడా ఈ వయసుకు వద్దంటాను. గళ్ళు అటూ ఇటూ మెలికలు తిరుగుతాయి, పైగా పాము మింగితే ఏడుపు.

కిరాణ దుకాణం సంగతి. మన చిన్నప్పుడు చిల్లర చేతిలో పెట్టి పంపేవాళ్ళు. ఇప్పుడు ఫోన్ చూపిస్తే పైసలు పోతాయి, పిల్లకు ఏమీ కనిపించదు. నాలుగేళ్ళ పిల్లకు రూపాయి లెక్కలు ఎలాగూ తొందరే. "టమాటాలు ఆరు ఏరి సంచిలో వెయ్యి" అంటే చాలు. ఫోన్‌లో అంకెల యాప్‌లు కూడా అడుగుతుంటారు. పక్కన మీరు కూర్చుని మాట్లాడుతూ ఆడిస్తే పనికొస్తాయి, ఒక్కదాని చేతికిచ్చి మీరు వెళ్ళిపోతే అది టీవీయే.

ఇప్పుడు ముందు చెప్పిన మెలిక.

ఇంటి ఆటలు మాత్రమే ఉంటే సరిపోదు. ఢిల్లీ బస్తీల్లో బడికి పోయే ముందు వయసు పిల్లలతో ప్రథమ్ సంస్థ సాయంతో ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ దుఫ్లో వాళ్ళ బృందం కొన్ని నెలలపాటు లెక్కల ఆటలు ఆడించింది. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. ఏ గుంపు పెద్దదో, ఏ ఆకారం వేరుగా ఉందో గుర్తించే నేర్పు బాగా పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ ఒకటో తరగతిలో బడి లెక్కలకు వచ్చేసరికి ఆ పిల్లలకు నిలబడే లాభమేమీ కనిపించలేదు. 2025లో అదే కోవకు చెందిన ఇంకో పరిశోధన కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను చూసింది. బేరంలో పెద్ద లెక్కలు నోటితో చేసేవాళ్ళు కాగితం మీద రాసిస్తే తడబడ్డారు. బళ్ళో మంచి మార్కులొచ్చే పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు.

ఇది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నానమ్మతో ఆకుకూరల బుట్ట దగ్గర కూర్చునే పిల్లలు మా బళ్ళోనూ ఉండేవాళ్ళు. "పదికి మూడు కట్టలు, ఇరవైకి?" అంటే "ఆరు" అని రెప్పపాటులో చెప్పేవాళ్ళు. బోర్డు మీద 3 + 3 రాస్తే తల దించుకునేవాళ్ళు. రెండూ ఒకటేనని ఎవరూ కలిపి చూపించలేదు.

ఆ కలిపే పని మీది. కష్టమేమీ కాదు. అట్ట ముక్కల మీద 1 నుంచి 10 దాకా పెద్దగా రాసి పెట్టుకోండి. పళ్ళాలు నాలుగు తెచ్చాక 4 ఉన్న అట్ట తీసి పక్కన పెట్టండి. సర్వపిండి గుంటలు ఏడైతే 7 అట్ట. వస్తువులు, నోటి మాట, రాసిన అంకె మూడూ ఒకే చోట, ఒకే సమయంలో ఉండాలి. బళ్ళో ఇచ్చిన వర్క్‌షీటులో 6 ఉంటే దాని పక్కన ఆరు గింజలు పెట్టించి అప్పుడు రాయించండి. ఒక్క పేజీ చాలు. గీతలు వంకరగా వస్తే వదిలేయండి, 3 తిరగేసి రాసినా ఈ వయసులో మామూలే.

తెలుగా, ఇంగ్లీషా? రెండూ. నానమ్మ ఒకటి రెండు అంటారు, బళ్ళో వన్ టూ అంటారు, పిల్ల కలగాపులగం చేస్తుంది, పాడైపోదు. రెండు భాషల పిల్లల మీద చేసిన పరిశోధనలో తేలింది ఏమిటంటే, రెండు, మూడు లాంటి చిన్న అంకెల అర్థం ఏ భాషకు ఆ భాషలో విడిగా నేర్చుకోవాలి. కానీ లెక్కపెట్టి మొత్తం చెప్పే కిటుకు ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలోకి వచ్చేస్తుంది. కాబట్టి నానమ్మను "వన్ టూ అను" అని ఇబ్బంది పెట్టకండి. ఆమెకు అలవాటైన మాటలోనే ఎక్కువ మాట్లాడగలుగుతారు.

వేళ్ళ మీద లెక్కపెడితే ఆపకండి. "వేళ్ళు వాడొద్దు, మనసులో చెప్పు" అనే టీచర్లు ఇంకా ఉన్నారు, ఈ వయసులో అది తప్పు సలహా. ఒక్క చిన్న సవరణ. మన పెద్దవాళ్ళు బొటనవేలితో కణుపులు లెక్కపెడతారు, వేలికి మూడు. పిల్లలకు అలా కాకుండా అంకెకు ఒక వేలు చొప్పున చూపించండి. ఐదుకు ఒక చేయి, పదికి రెండు చేతులు నిండాలి.

మీ భయం గురించి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2015లో మలోనీ, బైలాక్ వాళ్ళ బృందం అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లలను ఏడాదిపాటు గమనించింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్కులో తరచుగా సాయం చేసిన ఇళ్ళలోనే పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్ళకూ భయం పెరిగింది. అలాంటి తల్లిదండ్రులే హోంవర్కు జోలికి పెద్దగా పోని ఇళ్ళలో ఆ నష్టం లేదు. భయం అంటుకున్నది పుస్తకం ముందు కూర్చున్న వేళే. మీకు నా సలహా, పుస్తకం ముందు పెట్టుకుని పాఠం చెప్పే పాత్ర తీసుకోకండి. పళ్ళాలు, గవ్వలు, ముగ్గులు చాలు, వాటిలో భయపడటానికి ఏమీ లేదు. ఇంకో మాట, "దీనికి నా పోలికే వచ్చింది, లెక్కలు రావు" అని పాప వినేలా నవ్వుతూ కూడా అనకండి. ఆడపిల్లల విషయంలో ఈ మాట మరీ తొందరగా అనేస్తాం మనం.

అబాకస్ మీద నాకు కోపం లేదు. వడోదరలో బడి పిల్లలతో మూడేళ్ళపాటు చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో అబాకస్ నేర్చిన పిల్లలు కూడికలు తీసివేతల్లో మెరుగయ్యారు. కానీ వాళ్ళు మీ పాపకంటే పెద్దవాళ్ళు, లెక్కపెట్టడం అప్పటికే వచ్చినవాళ్ళు. ఐదంటే ఎంతో తెలియని పిల్లకు పూస జరిపితే ఐదు అని నేర్పితే, వంద దాకా పాట వచ్చినట్టే ఇంకో పాట వస్తుంది. రెండో తరగతిలో ఇష్టపడితే చేర్పించండి, ఫీజు ఇప్పుడు మిగుల్చుకోండి.

టీచరు మాటకు వస్తే, ఆమెను తప్పు పట్టడం లేదు. యాభైమంది పిల్లల మధ్య ఎవరు ఏ మెట్టు మీదున్నారో చూసే తీరిక ఉండదు. అయినా దేశం మొత్తానికి 2021లో పెట్టుకున్న నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యమే మూడో తరగతి పూర్తయ్యేలోగా చదవడం, లెక్కలు రావాలన్నది. మన రాష్ట్రంలో 2022లో తొలిమెట్టు కార్యక్రమం పెట్టింది కూడా ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లల పునాది కోసం. ఎల్‌కేజీలో వీక్ అనే ముద్రకు ఏ లెక్కలోనూ చోటు లేదు. అలాగని పట్టించుకోకుండా వదిలేయమనడం లేదు. 2007లో గ్రెగ్ డంకన్ బృందం ఆరు పెద్ద అధ్యయనాల లెక్కలు కలిపి చూస్తే, బళ్ళో చేరేనాటికి పిల్లలకు ఉన్న లెక్కల జ్ఞానమే తర్వాతి చదువును అన్నిటికంటే బాగా సూచించింది. టీచరుతో మాట్లాడేటప్పుడు "మా పాప మూడు దాకా తీసి ఇస్తుంది, నాలుగు దగ్గర ఆగడం లేదు, బళ్ళో కూడా గింజలతో చేయిస్తారా" అని అడగండి. వీక్, స్ట్రాంగ్ కంటే ఆ మాట ఆమెకూ పనికొస్తుంది.

ఎప్పుడు డాక్టరును కలవాలి? ఐదున్నర దాటి, ఇంట్లో ఇవన్నీ కొన్ని నెలలు చేశాక కూడా రెండు, మూడు దగ్గరే గుప్పెడు తెస్తుంటే చూపించండి. అంతకంటే ముందే మాటలు ఆలస్యంగా వస్తున్నా, పిలిస్తే పలకకపోయినా, బొమ్మను మరీ దగ్గరగా పెట్టుకుని చూస్తున్నా ఆగకండి. ముందు చెవులు, కళ్ళు పరీక్ష చేయిస్తారు. లెక్కలు రాలేదని తీసుకొచ్చిన పిల్లకు నిజానికి వినికిడి సమస్య ఉండటం మేం చూశాం. అంగన్‌వాడీలకు, సర్కారు బళ్ళకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు వస్తుంటాయి. ప్రైవేటు బడి అయితే పిల్లల డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్ళాలి. డిస్‌కాలిక్యులియా (లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది) అని ఎవరైనా నాలుగేళ్ళకే పేరు పెడితే మాత్రం ఇంకో డాక్టరును అడగండి, ఆ వయసులో తేల్చేది కాదు అది.

ఈ వారం బొమ్మకు గింజలు పెట్టించి చూడండి. ఒక్కరోజు చూసి నమ్మకండి, ఆకలి మీద ఉన్నా నిద్ర ముంచుకొస్తున్నా పిల్లలు ఏదో ఒకటి పెట్టేస్తారు, వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూడాలి. ఎంత దాకా సరిగ్గా పెట్టింది, అమ్మగారితో తెలుగులో అడిగినప్పుడు ఎంత, మీరు ఇంగ్లీషులో అడిగినప్పుడు ఎంత, ఇక్కడే కింద రాయండి. రెండు దాకానే సరిగ్గా పెడితే ఒక రకంగా, నాలుగు దాకా పెడితే ఇంకో రకంగా చేయాలి. మీరు రాసినదాన్ని చూసి చెప్తాను.